మూడున్నర కోర్ కేబుల్‌లో ఆ ‘అర’ గురించి

సంపాదకులకు నమస్కారం.

‘హై వోల్టేజీ వచ్చి ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయి’ అనే వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. చదివినవాళ్లకు సబ్‌స్టేషన్ నుంచే ఎక్కువ వోల్టేజీ వదిలారేమో అనిపిస్తుంది. చాలాసార్లు జరిగేది అది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, స్తంభం మీదో, అపార్టుమెంటు మీటర్ల గదిలోనో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఊడిపోతుంది, లేదా కాలి తెగిపోతుంది. వీధిలైన్లో తెగడానికి గాలివాన, చెట్టుకొమ్మ, పాత జాయింటు లాంటి కారణాలుంటాయి. అవి డిస్కం సిబ్బంది చూసుకోవాల్సినవి. భవనం లోపల కాలే న్యూట్రల్ సంగతి వేరు. దానికి మూలం చాలాచోట్ల ఎస్టిమేట్ కాగితం మీదే దొరుకుతుంది: కరెంటు తెచ్చే ఫేజ్ తీగ సైజులో సగం న్యూట్రల్. అపార్టుమెంట్లు, ఆఫీసు భవనాలు, కోచింగ్ సెంటర్లు, ఆస్పత్రులు కట్టేవాళ్లూ, వాటిలో ఉండేవాళ్లూ దీని గురించి తెలుసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు, న్యూట్రల్ పోతే ఏమవుతుందో చూద్దాం. అది ఉన్నంతసేపూ ఆర్, వై, బీ అనే మూడు ఫేజ్‌ల్లో ప్రతిదానికీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. అది పోయిన క్షణం ఒక ఫ్లాట్ సామాన్లూ ఇంకో ఫ్లాట్ సామాన్లూ రెండు ఫేజ్‌ల మధ్య సీరీస్‌లో పడతాయి. ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య ఉండేది 400 వోల్టులు. ఆర్ ఫేజ్ ఇంట్లో 2000 వాట్ల గీజరు, వై ఫేజ్ ఇంట్లో 200 వాట్ల టీవీ, లైట్లు ఉన్నాయనుకుందాం. లెక్క తేలిక కోసం మూడో ఫేజ్‌ని పక్కన పెడదాం. గీజరు రెసిస్టెన్సు సుమారు 26 ఓములు, టీవీ వైపు సుమారు 264 ఓములు. 400 వోల్టులూ ఆ నిష్పత్తిలోనే పంచుకుంటాయి. గీజరుకు 36 వోల్టులు, టీవీకి 364. తక్కువ కరెంటు వాడుతున్న ఇంటికే ఎక్కువ దెబ్బ. ఎంసీబీ చూసేది కరెంటును, వోల్టేజీని కాదు కాబట్టి సామాను కాలి షార్ట్ అయ్యేదాకా అది పడదు.

ఇక సగం సైజు ఎక్కడి నుంచి వచ్చిందంటే, లెక్క తప్పి కాదు. ఒకప్పటి లోడుకు అది సరైన లెక్కే. ఫిలమెంటు బల్బులు, ఫ్యాన్లు, మోటార్లు ఉన్న రోజుల్లో మూడు ఫేజ్‌ల మీదా లోడు సమంగా పంచితే న్యూట్రల్‌లో మూడు కరెంట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి. తేడా మాత్రమే న్యూట్రల్‌లో పారేది. 80, 50, 30 ఆంపియర్లుగా లోడు చెదిరి ఉన్నా న్యూట్రల్‌లోకి వచ్చేది 44 ఆంపియర్లే. అందుకే మన మార్కెట్లో మూడున్నర కోర్ కేబుల్, అంటే మూడు ఫేజ్ తీగలూ పూర్తి సైజు, న్యూట్రల్ దాదాపు సగం సైజు ఉన్నది, స్థిరపడింది. 50 స్క్వేర్ ఎంఎం ఫేజ్‌కి 25 న్యూట్రల్, 70కి 35, 95కి 50, 185కి 95, 240కి 120, 300కి 150. కాంట్రాక్టరు ‘95 కేబుల్’ అంటే షాపులో ఇంకో మాట అడక్కుండా మూడున్నర కోర్ కేబులే కోసి ఇస్తారు.

ఇవాళ్టి లోడు అది కాదు. ఎల్ఈడీ బల్బు, కంప్యూటరు, టీవీ, ఫోన్ ఛార్జరు, సీసీ కెమెరా, ఇంటర్నెట్ రౌటర్ అన్నిట్లోనూ ముందు ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు, దాని వెనక కరెంటును నిల్వ చేసే కెపాసిటరు ఉంటాయి. అలాంటి సామాను వోల్టేజీ అల పొడవునా కరెంటు తీసుకోదు. అల శిఖరానికి చేరినప్పుడు గుటుక్కున ఒక్క గుక్క లాగి వదిలేస్తుంది. ఆ గుక్కల కరెంటును విడదీసి చూస్తే 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 హెర్ట్జ్ కరెంట్లు కూడా కలిసి ఉంటాయి. వీటిలో న్యూట్రల్‌ని కాల్చేది 150 హెర్ట్జ్‌ది, అంటే 50కి మూడు రెట్లు ఉండే మూడో హార్మోనిక్.

ఎందుకు అదే అన్నది కాగితం మీద గీసుకుంటే స్పష్టంగా కనిపిస్తుంది. 50 హెర్ట్జ్‌కి ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు. మూడు ఫేజ్‌లూ ఒకదాని వెనక ఒకటి చుట్టులో మూడో వంతు, అంటే 6.67 మిల్లీసెకన్ల ఎడంతో నడుస్తాయి. 150 హెర్ట్జ్ కరెంటుకు పూర్తి చుట్టే 6.67 మిల్లీసెకన్లు. కాబట్టి ఆర్, వై, బీ ఫేజ్‌ల మూడో హార్మోనిక్‌ల మధ్య ఎడం మిగలదు. కోలాటంలో మూడు జట్లు వేర్వేరుగా అడుగులు వేస్తున్నా కోలలు మాత్రం ఒక్కసారే తాకినట్టు, మూడూ న్యూట్రల్‌లోకి ఒకే క్షణంలో వచ్చి కలుస్తాయి. కొట్టేసుకోవడం ఉండదు, కూడిక మాత్రమే. ‘లోడు చక్కగా బ్యాలెన్స్ చేశాం, న్యూట్రల్‌కి ఏం కాదు’ అనే మాట ఇక్కడ చెల్లదు. బ్యాలెన్స్ చేస్తే 50 హెర్ట్జ్ భాగం తగ్గుతుంది. 150 హెర్ట్జ్ భాగానికి ఆ పని పట్టదు. గుక్కలు సన్నగా ఉండి ఒకదాని మీద ఒకటి పడని పక్షంలో న్యూట్రల్ కరెంటు ఫేజ్ కరెంటుకు 1.73 రెట్లు దాకా పోతుంది.

నాణ్యమైన సామాను కొంటే ఈ బెడద ఉండదనుకునేవారి కోసం ఒక సంగతి. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 61000-3-2 ప్రమాణం 5 నుంచి 25 వాట్ల దీపాలకు అనుమతించే పద్ధతుల్లో ఒకదాని ప్రకారం మూడో హార్మోనిక్ 50 హెర్ట్జ్ కరెంటులో 86 శాతం దాకా ఉండవచ్చు. కంప్యూటర్లు, టీవీలకు వాటుకు 3.4 మిల్లీఆంపియర్లు. 230 వోల్టుల దగ్గర ఒక వాటుకు అసలు కరెంటే 4.35 మిల్లీఆంపియర్లు కాబట్టి ఇది దాదాపు 78 శాతం. అంటే ప్రమాణాన్ని తుచ తప్పకుండా పాటించిన సామానుతోనే భవనం నిండవచ్చు, న్యూట్రల్ మాత్రం కాలవచ్చు. గీజర్లు, ఫ్యాన్లు, ఏసీలు కలిసినప్పుడు మొత్తం శాతం తగ్గుతుందన్నది నిజమే. కానీ ఒక అంతస్తు నిండా కంప్యూటర్లూ ఎల్ఈడీ ప్యానెళ్లూ ఉన్నచోట ఆ తగ్గుదలను నమ్ముకోకూడదు.

ఒక రైజర్ (కింది నుంచి అంతస్తులకు కరెంటు తీసుకెళ్లే మెయిన్ కేబుల్) లెక్క చూద్దాం. ఫేజ్‌కి 150 ఆంపియర్లు, మూడో హార్మోనిక్ 40 శాతం. వేసింది 95 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం మూడున్నర కోర్, న్యూట్రల్ 50. న్యూట్రల్ కరెంటు 150 × 0.4 × 3, అంటే 180 ఆంపియర్లు. 95 తీగకు కిలోమీటరుకు 0.320 ఓములు, 50 తీగకు 0.641. మీటరు పొడవులో ఒక్కో ఫేజ్ తీగలో పుట్టే వేడి 7.2 వాట్లు. న్యూట్రల్‌లో 20.8 వాట్లు. దాదాపు మూడు రెట్ల వేడి సన్న తీగలో పుడుతోంది, అదీ మూడు ఫేజ్ తీగలతో కలిపి ఒకే తొడుగులో. ఇవి 20 డిగ్రీల దగ్గరి రెసిస్టెన్సులు. తీగ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్సు ఇంకా పెరుగుతుంది.

అంతకన్నా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. ఆ రైజర్ మొదట్లో 200 ఆంపియర్ల మూడు పోల్ ఎంసీసీబీ, అంటే మూడు ఫేజ్‌లను మాత్రమే చూసే పెద్ద బ్రేకరు, ఉంటుంది, న్యూట్రల్ తిన్నగా లింకు మీదుగా పోతుంది. బ్రేకరుకు కనిపించేది ఫేజ్‌ల 150 ఆంపియర్లే. దాని దృష్టిలో అంతా సవ్యంగా ఉంది. కనుక న్యూట్రల్ కాలిపోయేదాకా అది పడదు. న్యూట్రల్ కాలిపోయాక పైన చెప్పిన 364 వోల్టుల కథ మొదలవుతుంది.

సైజు ఎలా తేల్చాలో ఐఈసీ 60364-5-52లో ఉంది. మన భారత ప్రమాణం ఐఎస్ 732 కూడా 2019 సవరణలో ఆ బాటే పట్టింది. రాగి 16, అల్యూమినియం 25 స్క్వేర్ ఎంఎం దాకా న్యూట్రల్ ఎప్పుడూ ఫేజ్ సైజే ఉండాలి. అంతకు పైన తగ్గించాలంటే మూడు షరతులూ కలిసి రావాలి: మామూలు వాడకంలో లోడు సమంగా ఉండి మూడో హార్మోనిక్ 15 శాతం దాటకపోవడం, న్యూట్రల్‌కి తన సైజుకు తగ్గ ఓవర్‌కరెంట్ రక్షణ ఉండడం, తగ్గించినా రాగి 16కి, అల్యూమినియం 25కి కిందికి పోకపోవడం. రెండో షరతును మన పనుల్లో దాదాపు ఎవరూ పట్టించుకోరు. నాలుగు పోల్ బ్రేకరులో న్యూట్రల్ పోల్‌కి కూడా సెన్సింగ్ పెట్టి, దాని సెట్టింగు న్యూట్రల్ సైజుకు తగ్గించితేనే అది నెరవేరుతుంది.

హార్మోనిక్ 15 నుంచి 33 శాతం మధ్య ఉంటే న్యూట్రల్ ఫేజ్‌తో సమానంగా ఉండాలి. నాలుగు తీగలూ వేడి పుట్టిస్తాయి కాబట్టి కేబుల్ సామర్థ్యాన్ని 0.86తో గుణించాలి. 33 నుంచి 45 మధ్య న్యూట్రల్ కరెంటే పెద్దది. దాన్ని 0.86తో భాగించి, వచ్చిన కరెంటుకు కేబుల్ ఎంచుకోవాలి. 45 దాటితే న్యూట్రల్ కరెంటు మీదే సైజు కట్టాలి. అప్పుడు ఫేజ్ తీగలు తమ సామర్థ్యానికి బాగా లోపల ఉంటాయి కాబట్టి 0.86 అక్కర్లేదు. పై రైజర్‌కి 180ని 0.86తో భాగిస్తే 209 ఆంపియర్లు. మన కేబుల్ కంపెనీల పట్టికలు గాలిలో 40 డిగ్రీలకు రాసినవి. రెంటచింతల, రామగుండం ఎండల్లో తలుపు మూసిన రైజర్ షాఫ్టులో 45 అనుకోవడం అతి జాగ్రత్త కాదు. ఎక్స్ఎల్‌పీఈ ఇన్సులేషనున్న కేబుల్‌కి దానికి 0.95 గుణకం. 209ని దానితో భాగిస్తే 220 ఆంపియర్లు. పక్కపక్కనే ట్రేలో ఇంకో నాలుగు కేబుళ్లుంటే వాటి గుణకం వేరే. అలా తేలిన సంఖ్యకు సరిపోయే నాలుగు కోర్ కేబుల్, నాలుగు కోర్లూ ఒకే సైజువి, తీసుకోవాలి.

ఖర్చు సంగతి. 50 బదులు 95 న్యూట్రల్ అంటే మీటరుకు అదనంగా పడే అల్యూమినియం సుమారు 120 గ్రాములు. 60 మీటర్ల రైజర్‌కి ఏడు కిలోల పైచిలుకు. ఇన్సులేషను, తొడుగు కలుపుకున్నా మొత్తం భవనం ఎలక్ట్రికల్ ఖర్చులో ఇది లెక్కలోకి రాని మొత్తం. కాలిన రైజర్‌ని జనం కాపురమున్న భవనంలో మార్చడం ఎంత పనో, ఎన్ని రాత్రులు చీకట్లో గడపాలో చేసినవాళ్లకు తెలుసు.

ఇంటి కప్పుల మీద సోలార్ పెరుగుతున్న ఈ రోజుల్లో హార్మోనిక్‌లు లేకుండానే న్యూట్రల్‌ని ముంచే పరిస్థితి ఒకటి వచ్చింది. ఆర్ ఫేజ్ మీద సింగిల్ ఫేజ్ ఇన్వర్టరు 20 ఆంపియర్లు బయటికి పంపుతోంది, వై, బీ ఫేజ్‌లు చెరో 20 ఆంపియర్లు వాడుకుంటున్నాయి. మూడు ఫేజ్‌ల్లోనూ టాంగ్ టెస్టరు (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) 20 చూపిస్తుంది, చూసేవాళ్లకు బ్యాలెన్స్ అద్భుతం. కానీ ఆర్ కరెంటు దిశ తిరగబడింది కాబట్టి న్యూట్రల్‌లో పారేది 40 ఆంపియర్లు. ఫేజ్‌కి రెట్టింపు. త్రీఫేజ్ సర్వీసున్న భవనంలో సోలార్ పెడితే త్రీఫేజ్ ఇన్వర్టరు పెట్టడం మేలు. సింగిల్ ఫేజ్‌వే అయితే మూడు ఫేజ్‌లకూ పంచాలి.

అలాగని సగం న్యూట్రల్ అన్నిచోట్లా తప్పనడం లేదు. రైస్ మిల్లు మోటార్లు, ఎత్తిపోతల పంపుహౌసు లాంటి త్రీఫేజ్ మోటార్ల లోడుకు న్యూట్రల్‌తో పనే తక్కువ. త్రీఫేజ్ డ్రైవులు ఐదో, ఏడో హార్మోనిక్‌లు పుట్టిస్తాయి, అవి న్యూట్రల్‌లో కూడవు. అక్కడ మూడున్నర కోర్ నిశ్చింతగా వేయవచ్చు. డబ్బు అక్కడ మిగుల్చుకోవచ్చు.

సైజు సరిగ్గా వేసినా జాయింటు సరిగా లేకపోతే ఫలితం ఒకటే. అల్యూమినియం తీగను ఇత్తడి న్యూట్రల్ లింకు రంధ్రంలో దూర్చి ఒక్క స్క్రూ బిగించడం మనం చూసే పని. వేడెక్కి చల్లారే ప్రతిసారీ స్క్రూ కింద అల్యూమినియం కాస్త నలిగి పక్కకు జరుగుతుంది. పట్టు వదులవుతుంది. వదులైనచోట వేడి ఇంకా పెరుగుతుంది. తీగ కొసకు తొడిగే సరైన సైజు లగ్గు, ఆ సైజు డైతో క్రింపింగ్, లోపల ఆక్సైడు పట్టకుండా పేస్టు, రాగి బస్‌బార్ మీదయితే బైమెటల్ లగ్గు, కింద స్ప్రింగ్ వాషరు, టార్క్ రెంచితో బిగింపు. ఇందులో ఏదీ విడిచిపెట్టదగింది కాదు. ఒకే రంధ్రంలో రెండు న్యూట్రళ్లు దూర్చకూడదు.

జనరేటరు ఛేంజోవరు స్విచ్చి దగ్గర న్యూట్రల్‌ని కలిపే నాలుగో బ్లేడు మీద ప్రత్యేకంగా కన్ను వేయాలి. న్యూట్రల్ ముందు కలవాలి, ఆఖరున విడిపోవాలి. అరిగిపోయిన నాలుగో బ్లేడుతో ఫేజ్‌లు కలిసి న్యూట్రల్ కలవకపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సామాన్ల ప్రాణం గాల్లో దీపమే. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ, సింగిల్ పోల్ స్విచ్చి గానీ పెట్టకూడదన్నది 1956 ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ 32వ నిబంధన నాటి నుంచీ ఉన్న మాట. ఆ రూల్స్ పోయి సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ నిబంధనలు వచ్చినా ఆ మాట మారలేదు. అయినా పాత భవనాల్లో న్యూట్రల్‌కి కట్అవుట్ పెట్టిన బోర్డులు ఇంకా ఉన్నాయి. వెంటనే తీసేయించాలి.

త్రీఫేజ్ సర్వీసున్న ఇళ్లలో ఇంకో పొరపాటు: ఆర్, వై, బీ సర్క్యూట్లు మూడింటికీ కలిపి ఒకే 4 స్క్వేర్ ఎంఎం న్యూట్రల్ లాగడం. రిపేరుకు ఎవరైనా ఆ ఒక్క న్యూట్రల్ విప్పితే మిగతా సర్క్యూట్లు 400 వోల్టుల మధ్య పడతాయి. ప్రతి ఫేజ్ సర్క్యూట్‌కీ దాని న్యూట్రల్ దానికే, అదే సైజులో ఉండాలి.

న్యూట్రల్ సరిగా లేదని దాన్ని ఇంటి ఎర్త్‌కి కలిపేసే ‘చిట్కా’ ప్రాణాలు తీస్తుంది. ఎర్త్ గుంత రెసిస్టెన్సు 5 ఓములు, దానిలోకి పోయే కరెంటు 30 ఆంపియర్లు అయితే ఇంట్లో ఎర్త్ చేసిన ప్రతి ఇనుప వస్తువు మీదా 150 వోల్టులు నిలుస్తాయి. వాషింగ్ మెషీను తాకిన మనిషి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పటికే కట్టేసిన భవనం ఎలా ఉందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఫ్రీక్వెన్సీ కూడా చూపే ట్రూ ఆర్ఎంఎస్ టాంగ్ టెస్టరు (అల ఆకారం ఎలా ఉన్నా కరెంటును సరిగ్గా కొలిచేది) చాలు. మామూలు టెస్టరు గుక్కల కరెంటును బాగా తక్కువ చూపిస్తుంది. అపార్టుమెంటులో రాత్రి 7 నుంచి 10 మధ్య, ఆఫీసులో పొద్దున్న 11 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్య, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ ప్యానెల్లో మూడు ఫేజ్‌లతో పాటు న్యూట్రల్ కూడా కొలిపించాలి. న్యూట్రల్ మీద హెర్ట్జ్ మీట నొక్కితే 50 కనిపిస్తే లోడు చెదిరి ఉందని అర్థం, ఫ్లాట్లు ఫేజ్‌లు మార్చి సర్దుకోవచ్చు. 150 కనిపిస్తే అది హార్మోనిక్, సర్దుబాటుతో పోదు. చివరి అంతస్తు ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కూడా చూడండి. పై లెక్కలోని రైజర్ 60 మీటర్లుంటే న్యూట్రల్‌లోనే దాదాపు 7 వోల్టులు పడతాయి. నల్లబడ్డ న్యూట్రల్ లింకు, లగ్గు దగ్గర కరిగిన ఇన్సులేషను, ప్యానెల్ తెరవగానే కమురు వాసన ఉంటే కొలతలతో పని లేకుండానే సంగతి తెలిసిపోతుంది.

న్యూట్రల్ తన సామర్థ్యం దాటి మోస్తోందని తేలితే నాలుగు కోర్ కేబుల్‌కి మారడం, లేదా కొన్ని అంతస్తులకు రెండో రైజర్ వేసి లోడు పంచడం సరైన దారులు. ఉన్న కేబుల్ పక్కన విడిగా ఇంకో న్యూట్రల్ తీగ లాగి ఇనుప గ్లాండ్ ప్లేటులో వేరే రంధ్రం గుండా తీసుకుపోతే ఆ ప్లేటే కాలుతుంది. ఆ పని చేయొద్దు. ఈలోగా మెయిన్ బ్రేకరుకు షంట్ ట్రిప్పుతో (సంకేతం అందగానే బ్రేకరును పడేసే భాగం) పాటు ఓవర్‌వోల్టేజీ రిలే పెట్టిస్తే, న్యూట్రల్ పోయినా ఇళ్లలో సామాను మిగులుతుంది. మెరుపుల కోసం పెట్టే సర్జ్ ప్రొటెక్టరు ఈ పనికి రాదు, నిలకడగా వచ్చే 364 వోల్టులకు అదే ముందు కాలిపోతుంది.

కొత్తగా ఫ్లాట్లు కొనేవారు, అసోసియేషన్ల బాధ్యులు బిల్డరు ఇచ్చే కాగితంలో కేబుల్ వరుసను ఒక్కసారి చదవండి. ‘3.5 కోర్’ అని ఉంటే, రైజర్లకు నాలుగు కోర్లూ ఒకే సైజున్న కేబుల్ కావాలని, న్యూట్రల్ సెన్సింగ్ ఉన్న నాలుగు పోల్ బ్రేకరు కావాలని ప్లాస్టరింగ్‌కి ముందే రాతపూర్వకంగా అడగండి.

మీ పత్రికకు ఒక విన్నపం. సామాన్లు కాలిన వార్త రాసేటప్పుడు ‘హై వోల్టేజీ’ దగ్గర ఆగకుండా న్యూట్రల్ ఎక్కడ తెగిందో, దాని సైజెంతో విలేకరులు ఒక్క మాట అడిగి రాయగలరా?

ఇట్లు,
విద్యుత్ పనులు చేయించే కొందరు ఇంజినీర్లు, విజయవాడ